హెడ్‌సెట్‌కి నచ్చిన గొంతు

ఆ రోజు పొద్దున అల్లుడుగారు వేసుకున్న పథకం చాలా చిన్నది. కాఫీ తాగాలి, కొత్త హెడ్‌సెట్‌ని కంప్యూటర్‌కి కలపాలి, కర్టెన్ల అతను రాగానే హాలు మధ్యన దళసరి కర్టెన్ వేయించుకోవాలి, తర్వాత బుద్ధిగా డ్యూటీలో కూర్చోవాలి. ఇందులో తప్పు జరగడానికి చోటెక్కడుందా అని ఎంత వెతికినా ఆయనకి కనబడలేదు. కనబడకపోయేసరికి కంగారు ఇంకాస్త ఎక్కువైంది. ఆయన తత్వమే అంత. అంతా సవ్యంగా ఉందంటే ఏదో మర్చిపోయానని భయం పట్టుకుంటుంది.

ఆయన ఉద్యోగం ఒక లిఫ్టుల కంపెనీలో. ఎక్కడైనా లిఫ్టు మధ్యలో ఆగిపోతే, లోపలున్నవాళ్లు ఎర్ర బొత్తాం నొక్కుతారు. ఆ కాల్ నేరుగా ఆయన చెవిలో మోగుతుంది. ఏ భవనమో, ఏ లిఫ్టో తెర మీద దానంతటదే కనబడుతుంది. మెకానిక్‌ని పంపడం వేళ్లతో అయ్యే పని. అతను వెళ్లి తలుపు తీసేదాకా లోపలివాళ్లకి ధైర్యం చెప్పడం గొంతుతో అయ్యే పని. అవతలివాళ్లు ఎంత గట్టిగా అరిస్తే మనం అంత మెల్లగా మాట్లాడాలని శిక్షణలో నేర్పారు గానీ, అల్లుడుగారికి ఆ పాఠంతో పని లేకపోయింది. పుట్టుకతోనే ఆయన గొంతు పక్కవాడి దాకా వెళ్లి ఆగిపోయే రకం. దుకాణంలో ఏదడిగినా మూడోసారికి గానీ ఇవ్వరు. ఇంట్లో సంగతి సరేసరి. లోకంలో ఆయన మాట వినేవాళ్లు లిఫ్టుల్లో ఇరుక్కున్నవాళ్లే. వాళ్లకి వేరే దారి లేదనుకోండి. అయినా ఆ వినడమంటే ఆయనకి ప్రాణం.

హాలు మూలన బల్ల వేసుకుని హాయిగా పని చేసుకుంటున్న మనిషి. ఇంతలో మోకాలి ఆపరేషన్ చేయించుకుని అత్తగారు వచ్చారు. ఆవిడ డ్రిల్లు టీచరుగా చేసి రిటైరయ్యారు. మైకు అవసరం లేకుండా మైదానం ఆ చివరి పిల్లవాడి చేత బొత్తాలు పెట్టించిన గొంతు అది. మనిషి రిటైరైంది గానీ గొంతు ఇంకా సర్వీసులోనే ఉంది. ఆవిడ కుర్చీ కూడా హాల్లోనే, అల్లుడుగారికి ఎదురుగా. ఆయన కాల్స్ మధ్యలో ఆవిడ మాట పడుతూనే ఉండేది. లోపలి గదిలో నెట్‌వర్కు రాదు కాబట్టి ఆయన కదలడానికి లేదు, మోకాలి కట్టుతో ఆవిడ కదలడానికి లేదు. నెలాఖరుకి వెళ్లిపోతానని ఆవిడ అన్న మరుక్షణమే అల్లుడుగారు టికెట్టు తీసి పెట్టారు.

నెలాఖరు రాకముందే హెడ్డాఫీసు నుంచి క్వాలిటీ మేడమ్ ఫోను వచ్చింది. కాల్స్ ఎలా ఉన్నాయో విని మార్కులు వేయడం ఆవిడ పని.

"మీ కాల్స్‌లో ఇంకో గొంతు వినబడుతోందని ఫిర్యాదులొచ్చాయండీ. శుక్రవారం నేనే లైవ్‌లో వింటాను. అప్పుడూ అలాగే ఉంటే మీరు హెడ్డాఫీసుకి వచ్చి కూర్చోవాలి. తప్పదు."

హెడ్డాఫీసంటే రాత్రంతా రైల్లో కూర్చుంటే తెల్లారి వచ్చే ఊరు. కంపెనీ గదిలో గురకపెట్టే నలుగురి మధ్య మంచం, నెలకోసారి భార్య మొహం. అల్లుడుగారి గుండెల్లో రాయి పడింది. ఇంకో గొంతు ఎవరిదో ఆయన్నెవరూ అడగలేదు, ఆయనా చెప్పలేదు. ఇంటి గుట్టు కదా.

అందుకే గురువారం సాయంత్రం భార్యని వెంటబెట్టుకుని కంప్యూటర్ సామాన్ల కొట్టుకి వెళ్లారు. ఆవిడ కళ్లజోళ్ల షాపులో పనిచేస్తుంది. నలుగురికీ ఏది నప్పుతుందో చూసి చెప్పడంలో చెయ్యి తిరిగిన మనిషి.

"ఇది మీ చెవికి బయటి చప్పుడు రానివ్వదండీ," అని కొట్టతను మొదటిది చూపించాడు.

"మరి నా వెనక చప్పుడు అవతలివాళ్లకి?"

"అది పోతుందండీ. మీకు హాయి, వాళ్లకి గోల."

రెండోదానికి నోటి ముందుకి వంగిన చిన్న మైకు ఉంది. "నోటి దగ్గర మాటనే పట్టుకుంటుందండీ. మీలా మెల్లగా మాట్లాడేవాళ్లకి సరిగ్గా సరిపోతుంది."

"ఇదే తీసుకోండి. అతనే చెప్తున్నాడుగా," అంది భార్య.

అల్లుడుగారు అప్పటికే మూడోదాని వంక చూస్తున్నారు.

"అదా అండీ. అది యజమాని గొంతు నేర్చుకుంటుంది. ఒకసారి నేర్చుకుందంటే ఆ గొంతు తప్ప ఇంకే గొంతూ అవతలికి పోనివ్వదు. మీరు లేచి గది ఆ చివరికెళ్లి మాట్లాడినా వెతికి పట్టుకుంటుంది. చెవులు కూడా పూర్తిగా మూసేస్తుంది. పక్కన గోడ కూలినా మీకు తెలియదు."

"ఇంకే గొంతూ పోదా?"

"పోదండీ."

"అంటే, బాగా గట్టి గొంతయినా?"

"ఎంత గట్టిదైనా."

"ఎవరి గొంతు గురించండీ అడుగుతున్నారు?" అంది భార్య.

"మామూలుగానే అడిగాను," అన్నారు అల్లుడుగారు, మూడోదాన్ని గట్టిగా పట్టుకుని.

అదండీ ముందు రోజు కథ. శుక్రవారం పొద్దున భార్య షాపుకి వెళ్లిపోయాక, అల్లుడుగారు హెడ్‌సెట్ బయటికి తీసి కంప్యూటర్‌కి కలిపారు. గొంతు నేర్చుకోవడానికి తెర మీదున్న పేరా పైకి చదవమని అది అడిగింది. నదులు, కొండలు, మేఘాలు అంటూ ఏదో ఉంది. ఆయన చదివారు. "గొంతు అందలేదు, మళ్లీ చదవండి" అంది తెర. గొంతు సవరించుకుని మళ్లీ చదివారు. మళ్లీ అదే మాట. మూడోసారి చదువుతుంటే చెమటలు పట్టాయి. గోడ మీద గడియారం చూస్తే డ్యూటీ వేళ దగ్గరపడుతోంది.

"అలా నసిగితే ఎవరికి వినబడుతుంది బాబూ," అన్నారు అత్తగారు కుర్చీలోంచి. "చదవడమంటే ఎలాగో నేను చూపిస్తానుండండి. ఆ కంప్యూటర్ ఇటు తిప్పండి."

"అక్కర్లేదండీ అత్తయ్యగారూ," అని అల్లుడుగారు అంటూనే ఉన్నారు. అది అత్తగారికి వినబడలేదు. ఆవిడ కళ్లజోడు సరిచేసుకుని, నడుము నిటారుగా పెట్టి, నదులనీ కొండలనీ వరసలో నిలబెట్టినట్టు చదివేశారు. తెర మీద పచ్చదీపం వెలిగింది. "మీ గొంతు గుర్తించాం. ధన్యవాదాలు."

"చూశారా," అన్నారు అత్తగారు.

అల్లుడుగారికి ప్రాణం లేచొచ్చింది. ఎవరు చదివితేనేం, చదవడమంటూ అయిపోయింది కదా అనుకున్నారు. నూటికి తొంభైమంది అలాగే అనుకుంటారు. మిగతా పదిమందీ రెండో హెడ్‌సెట్ కొనుక్కుని ఉంటారు.

ఎందుకైనా మంచిదని ఆ హెడ్‌సెట్‌తోనే భార్యకి ఫోను కలిపి చూశారు. అత్తగారు అప్పుడు మందుబిళ్ల వేసుకుని నీళ్లు తాగుతున్నారు.

"ఏమే, వినబడుతోందా?"

"హలో," అంది భార్య. "ఏమండీ, ఏమీ వినబడటం లేదు."

"అస్సలు?"

"హలో. ఏమీ లేదండీ. నిశ్శబ్దంగా ఉంది."

కావలసింది అదే. కొత్త హెడ్‌సెట్ ఇంట్లో చప్పుడంతా మింగేసిందన్న సంబరంలో అల్లుడుగారు కాల్ ఆపేశారు. అంతలో కర్టెన్ల అతను నిచ్చెనతో సహా దిగాడు. ఎక్కడ వేయాలో వేలితో చూపించి, ఆయన చెవులు మూసుకుని బల్ల ముందు కూర్చున్నారు. లోకం మొత్తం ఆగిపోయినట్టు ఎంత ప్రశాంతంగా ఉందో. తెర మూలన చిన్న ఎర్రచుక్క వెలిగింది. మేడమ్ వింటున్నారన్నమాట.

మొదటి కాల్ ఒక పన్నెండంతస్తుల భవనం నుంచి.

"లిఫ్టు సహాయ కేంద్రం అండీ. మీకేం భయం లేదు, నేను మీతోనే ఉన్నాను," అన్నారు అల్లుడుగారు.

"హలో, ఎవరైనా ఉన్నారా? నేను పళ్ల డాక్టర్ని. పైన పేషెంటు నోరు తెరుచుకుని కూర్చుని ఉంది. హలో, లైటు కూడా పోయింది."

మనిషి బాగా బెదిరిపోయాడని అర్థమైంది. శిక్షణలో చెప్పినట్టు అల్లుడుగారు గొంతు ఇంకా తగ్గించారు. సరిగ్గా అప్పుడే ఆయన వెనక కర్టెన్ల అతను నిచ్చెన చివరి మెట్టెక్కాడు, దాని ఒక కాలు గచ్చుకి ఆనక నిచ్చెన ఊగింది.

"కదలకు," అన్నారు అత్తగారు.

"అలాగేనండీ, కదలను," అన్నాడు పళ్ల డాక్టరు.

అల్లుడుగారు అప్పుడే మెల్లగా ఊపిరి పీల్చుకోమని చెప్పి ఉన్నారు. కదలనంటాడేమిటి అనుకున్నారు.

"కిందికి చూడకు. ఒక చెయ్యి గోడకి ఆనించు. నోట్లో మేకులు పెట్టుకుని మాట్లాడకూడదు, ముందు నోరు మూసుకో," అన్నారు అత్తగారు.

పళ్ల డాక్టరు చెప్పినట్టే చేశాడు. తర్వాత, "గోడకి ఆనించానండీ," అన్నాడు బుద్ధిగా. "నోట్లో మేకుల్లేవు."

"ఎవరో ఒకరు వస్తారు. అందాకా పట్టు వదలకు. బాబూ, ఇటు రండి. ఇటు, వినబడటం లేదా?"

"ఎలా రానండీ, తలుపు తెరుచుకోవడం లేదుగా," అన్నాడు పళ్ల డాక్టరు. వెంటనే తనలో తను అనుకుంటున్నట్టు, "ఈ పెద్దావిడ ఉన్నారు కాబట్టి సరిపోయింది, లేకపోతే గుండె ఆగిపోయేది," అన్నాడు.

అల్లుడుగారు ఉలిక్కిపడ్డారు. లిఫ్టులో ఒక పెద్దావిడ కూడా ఉందా? ఇంతసేపూ ఆ సంగతే చెప్పలేదే. ఆవిడకి ఎలా ఉందని రెండుసార్లు అడిగారు. జవాబు రాలేదు. నోట మాట రాని స్థితిలో ఉందేమోనని భయం వేసింది. మెకానిక్‌కి టైపు చేశారు: "లోపల ఇద్దరు. ఒకరు వృద్ధురాలు. తొందరగా."

మెకానిక్ దగ్గర్లోనే ఉండటం వల్ల తలుపు ఎక్కువసేపు పట్టకుండా తెరుచుకుంది. తెర మీద అతని సందేశం: "ఒక్కరే ఉన్నారు సార్. పెద్దావిడ ఏరీ?"

"లోపలే ఉండాలి. సరిగ్గా చూడండి."

"నాలుగడుగుల లిఫ్టు సార్, ఇంకెంత సరిగ్గా చూడను. ఆవిడ గొంతు పైనుంచి వినబడిందని డాక్టరు చెప్తున్నాడు."

లిఫ్టులో మాట వినబడేది పైన బిగించిన స్పీకర్లోంచేనన్న సంగతి ఆ కంగారులో ఎవరికీ తోచలేదు. పైనుంచి అంటే లిఫ్టు కప్పు మీద నుంచి అన్నమాట. కప్పు మీద చీకట్లో, తీగల మధ్య, ఒక ముసలావిడ. అల్లుడుగారి పై ప్రాణాలు పైనే పోయాయి. "పైన వెతకండి," అని టైపు చేస్తుంటే అక్షరాలు కుదరలేదు. మెకానిక్ పైకెక్కే ముందు జాగ్రత్తగా రెండో లిఫ్టు కరెంటు కూడా ఆపేశాడు. దానివల్ల ఏమైందంటే, రెండో లిఫ్టు ఏడో అంతస్తుకీ ఎనిమిదో అంతస్తుకీ మధ్య ఆగి, అందులోంచి కాల్ వచ్చింది.

అందులో అక్కాచెల్లెళ్లిద్దరూ వాళ్ల కుక్కా ఉన్నారు. కాల్ కలిసేసరికే గొడవ నడుస్తోంది.

"నువ్వే ఆ బొత్తాం నొక్కావు."

"నేనా? నీ కుక్కే తోకతో నొక్కి ఉంటుంది."

కుక్క మొరుగుతోంది. అల్లుడుగారు, "అమ్మా, దయచేసి నా మాట వినండి," అన్నారు. ఇంత మెల్లని మాట ఆయన జీవితంలోనే అనలేదు. ఎర్రచుక్క అలా వెలుగుతూనే ఉంది.

హాల్లో కర్టెన్ల అతను రాడ్డుని రెండు చేతులా కావలించుకుని గోలపెట్టడం మొదలుపెట్టాడు.

"ముందు అరవడం ఆపు," అన్నారు అత్తగారు.

లిఫ్టులో అరుపులు టక్కున ఆగాయి.

"నిమ్మళంగా కూర్చో. మెట్టు మీద కూర్చోవచ్చు, ఏం కాదు. కూర్చున్నావా? శభాష్."

"కూర్చున్నామండీ," అంది అక్క.

"కుక్క కూడా కూర్చుంది," అంది చెల్లెలు ఆశ్చర్యంగా. "మేము చెప్తే ఎప్పుడూ కూర్చోదు. ఎవరో గానీ ఈ పెద్దావిడ భలే చెప్తున్నారు."

అల్లుడుగారి చెయ్యి కీబోర్డు మీదే ఆగిపోయింది. పెద్దావిడ ఈ లిఫ్టులోనూ ఉంది. అంటే మొదటి లిఫ్టు కప్పు మీద నుంచి ఆవిడ ఈ రెండోదానికి వచ్చిందన్నమాట. ఆ వయసులో. మెకానిక్‌కి చెప్పక తప్పదు, చెప్పారు.

"ఒక లిఫ్టు మీంచి ఇంకో లిఫ్టు మీదికి దూకిందా సార్?" అని వచ్చింది సందేశం.

"అలాగే అనిపిస్తోంది."

"నేను పిలిచిన ఫైరింజను వాళ్లు వచ్చేశారు సార్. తాళ్లు దింపుతున్నారు. పిలవడానికి ఆవిడ పేరు అడుగుతున్నారు. కింద ఆవిడ బంధువులెవరైనా ఉన్నారా అని మైకులో అరుస్తున్నారు."

ఒక ప్రాణం పోతోంది. దానికి సాక్ష్యంగా ఎర్రచుక్క. హెడ్డాఫీసు, నలుగురి గురక, రైలు, అన్నీ ఒక్కసారిగా కళ్ల ముందు తిరిగాయి. అల్లుడుగారు ఊపిరాడక హెడ్‌సెట్ తీసి బల్ల మీద పడేశారు. తీయగానే ఇల్లంతా ఒక్కసారి చెవుల్లో పడింది.

"ఇప్పుడు కుడికాలు కాస్త కిందికి," అంటున్నారు అత్తగారు వెనకనుంచి.

"కుడికాలు దింపామండీ," అంది బల్ల మీద హెడ్‌సెట్ సన్నగా.

అల్లుడుగారు మెల్లగా వెనక్కి తిరిగారు. కర్టెన్ల అతను నిచ్చెన మెట్టు మీద కూర్చుని వణుకుతున్నాడు. అత్తగారు కట్టు కట్టిన కాలు ముక్కాలి పీట మీద చాపుకుని, ఒక చెయ్యి గాలిలో ఊపుతూ అతన్ని దింపుతున్నారు. నదులు, కొండలు, పచ్చదీపం. అన్నీ వరసగా గుర్తొచ్చాయి ఆయనకి. పొద్దుటినుంచీ తను మాట్లాడిన ఒక్క ముక్క కూడా ఈ గది దాటలేదు. హెడ్‌సెట్ చెప్పినట్టే పనిచేసింది. యజమాని గొంతు తప్ప ఇంకే గొంతూ పోనివ్వలేదు.

"వచ్చారా బాబూ. ఆ నిచ్చెన పట్టుకోండి," అన్నారు అత్తగారు.

ఆయన వెళ్లి నిచ్చెన పట్టుకున్నారు. అతను దిగాక వచ్చి మెకానిక్‌కి టైపు చేశారు: "పెద్దావిడ దొరికారు. వెతకడం ఆపేయండి."

"ఎక్కడ సార్?"

"మా హాల్లో."

మెకానిక్ ఆ మాట రెండుసార్లు చదువుకున్నట్టున్నాడు. తర్వాత, "ఫైరింజను వాళ్లకి అదే చెప్పమంటారా సార్?" అని వచ్చింది.

అక్కాచెల్లెళ్లు క్షేమంగా బయటపడ్డారు. ఎర్రచుక్క ఆరిపోయింది. ఆ వెంటనే ఫోను మోగింది. అల్లుడుగారు ఉరిశిక్ష వినబోయేవాడిలా ఎత్తారు.

"రెండు కాల్సూ పూర్తిగా విన్నానండీ," అన్నారు క్వాలిటీ మేడమ్. "వెనక చప్పుడన్నది ఒక్కటంటే ఒక్కటి లేదు."

అబద్ధమాడటం ఆయన వల్ల కాదు. "ఆ వినబడని చప్పుడు నేనేనండీ," అన్నారు. ఆపైన పేరా చదవడం దగ్గర్నుంచి నిచ్చెన దాకా అంతా చెప్పేశారు. మధ్యలో రెండుసార్లు కాస్త గట్టిగా చెప్పమన్నారు మేడమ్.

"నాకూ అనుమానం వచ్చింది," అన్నారు చివరికి. "ఇన్నాళ్లూ ఫిర్యాదుల సారాంశమే చూశాను. ఇందాక అసలువి తెప్పించి చదివాను. ఏం రాశారో వినండి. 'పెద్దావిడ ఎంతో చక్కగా ధైర్యం చెబుతున్నారు. కానీ మధ్యమధ్య వెనకనుంచి ఎవరో మగాయన గొణుగుడు వచ్చి ఆవిడ మాట సరిగ్గా అందడం లేదు. దయచేసి ఆ గొణుగుడు ఆపించండి.' రాసినవాళ్లందరిదీ ఇదే గోడు."

అల్లుడుగారు కుర్చీలో కూలబడ్డారు. ఆయన మనసు కష్టపడిందంటే కష్టపడదూ మరి. చీకట్లో ఇరుక్కున్నవాళ్లు తన గొంతు పట్టుకుని ఉన్నారని నమ్ముకున్న మనిషి. వాళ్లు పట్టుకున్నది కుర్చీలోంచి వచ్చిన గొంతుని, తను దానికి అడ్డం. అయినా భయమే ముందు నిలబడింది.

"మరి, హెడ్డాఫీసుకి ఎప్పుడు రమ్మంటారు?"

"మీరొస్తే ఎలాగండీ? ఆవిడ ఎక్కడుంటే మీరూ అక్కడే ఉండాలి కదా. ఆవిడ మాట్లాడతారు, మీరు టైపు చేయండి. ఆవిడ ఒప్పుకుంటారా? ఇంతకీ ఆవిడ ఎన్నాళ్లుంటారు మీ ఇంట్లో?"

అల్లుడుగారు ఫోను పెట్టేసి ముందు నెలాఖరు టికెట్టు రద్దు చేశారు. తర్వాత అత్తగారి కుర్చీ దగ్గరికి వెళ్లారు.

"అత్తయ్యగారూ, మీ మోకాలు ఇంకా పూర్తిగా తగ్గినట్టు లేదండీ."

"ఏమన్నారు బాబూ? వినబడలేదు."

అల్లుడుగారు ఊపిరి పీల్చుకుని, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి, పక్కింటికి వినబడేలా అన్నారు: "మీరు మా ఇంట్లోనే ఉండాలి."

అత్తగారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "గొంతుంది కదా, దాచుకున్నారెందుకు మరి? సరే, ఉంటాను. ఆ నిచ్చెన కింద కాగితం మడత పెట్టించండి, ముందు పని కానివ్వండి," అన్నారు.

సాయంత్రం షాపు నుంచి వచ్చిన భార్య, తల్లి తలకి హెడ్‌సెట్ చూసి, "నీకు బాగా నప్పిందమ్మా," అంది. అల్లుడుగారి ఉద్యోగం అలా నిలబడింది. ఇప్పుడు ఆయన కర్టెన్ అవతల కూర్చుని భవనాలూ మెకానిక్‌లూ చూసుకుంటారు. కర్టెన్ కూడా వృథా పోలేదు, ఆయన చప్పుడు ఇవతలికి రాకుండా బాగానే ఆపుతోంది.